పార్టీ సభ్యత్వ కార్డులు: ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

సభ్యత్వ నమోదు మొదలైందంటే బూత్ ఇన్‌ఛార్జి ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. "అన్నా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చుంటది, చెప్పు" అంటాడు. చెప్పేస్తాం. కాసేపటికి ఫోటోతో సహా కార్డు వాట్సాప్‌లో దిగుతుంది. దాంతో మనం ఆ పార్టీ మనిషి అయిపోయినట్టేనా? అడిగేవాళ్లను బట్టి జవాబు మారుతుంది. బీమా కంపెనీ అడిగితే ఒకటి, రిటర్నింగ్ అధికారి అడిగితే ఇంకొకటి, స్పీకర్ అడిగితే మరొకటి. మండల కమిటీ ఎన్నికప్పుడు అడిగితే చాలామంది కార్డు అసలు లెక్కలోకే రాదు.

అందుకని తెలుగు రాష్ట్రాల్లో దొరికే సభ్యత్వాలను ఇక్కడ ఒక సేవగా చూస్తున్నాం. ఎంత కట్టాలి, నమోదు ఎలా జరుగుతుంది, చేతికి ఏమొస్తుంది, ఏ గుమ్మం దగ్గర చెల్లదు అన్నదే లెక్క. సిద్ధాంతాలకు మార్కులు వేయడం లేదు, అది ఎవరికి వారు వేసుకోవాల్సిందే.

వంద రూపాయల కార్డు, ఐదు వందల కార్డు

తెలుగుదేశం సాధారణ సభ్యత్వం రూ.100. 2024 అక్టోబర్ 26న మొదలైన విడతలో ప్రమాద బీమాను రూ.2 లక్షల నుంచి రూ.5 లక్షలకు పెంచారు. లక్ష రూపాయలు కట్టేవాళ్లకు శాశ్వత సభ్యత్వం వేరే ఉంది. 2025 జనవరిలో సభ్యులు కోటి దాటారని పార్టీ ప్రకటించింది. జనసేనలో ఇదే కోవకు చెందినదాన్ని క్రియాశీలక సభ్యత్వం అంటారు. రుసుము రూ.500. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు, గాయపడితే ఆసుపత్రి ఖర్చుకు రూ.50 వేల దాకా ఇస్తారు. అప్పటి టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) కూడా సభ్యులకు రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చింది. 2021-22 నమోదులో తెలంగాణ కాంగ్రెస్ అదే మొత్తంతో ముందుకొచ్చింది. అంటే ఇక్కడి పార్టీలు చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి సభ్యత్వాన్ని బీమాతో కలిపి అమ్మడం నేర్చుకున్నాయి.

కేవలం బీమాగా చూస్తే ఇవి చవకే. రూ.100కు రూ.5 లక్షల ప్రమాద కవరు బయట విడిగా తీసుకోవాలంటే అంత సులువు కాదు. బండి మీద తిరిగే కుర్రవాళ్లకు, మోటార్ల దగ్గర పనిచేసే రైతులకు, తాడిచెట్టెక్కే గీత కార్మికులకు మాత్రం ఆసుపత్రి ఖర్చు కూడా ఇచ్చే రూ.500 కార్డే ఎక్కువ అక్కరకొస్తుంది. ప్రాణం పోయే ప్రమాదాలకన్నా కాలూ చెయ్యీ విరిగే ప్రమాదాలే ఎక్కువ కదా.

అసలు చిక్కు క్లెయిము దగ్గర వస్తుంది. ముందుగా తెలుసుకోవాల్సింది, ఇది జీవిత బీమా కాదు. గుండెపోటు, జబ్బు, వయసుతో వచ్చే మరణం, ఆత్మహత్య ఇందులోకి రావు. తాగి బండి నడిపినట్టు తేలినా మామూలుగా తిరస్కరిస్తారు. ఇది గ్రూపు పాలసీ. పాలసీదారు పార్టీ, మనం జాబితాలో ఒక పేరు మాత్రమే. కార్యకర్త చేతిలో డబ్బు పెట్టిన రోజు నుంచే కవరు మొదలైందనుకోవద్దు. ప్రీమియంతో పాటు మన పేరున్న జాబితా కంపెనీకి చేరి, పాలసీ ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో ఆ తేదీ నుంచే లెక్క. కార్యకర్త నగదు తీసుకుని, అర్ధరాత్రి దాకా వివరాలు ఎక్కించి, నెట్ సరిగ్గా లేక పది పేర్లు వదిలేస్తే, ఆ పది మందికీ కార్డు రాదు, కవరూ ఉండదు. వాట్సాప్‌లో కార్డు, దాని మీద సభ్యత్వ సంఖ్య కనిపించేదాకా నమోదు అయిందని నమ్మకండి.

పల్లెల్లో ఎక్కువ క్లెయిములు పోయేది మాత్రం పోస్టుమార్టం లేక. పొలంలో పాము కరిచి మనిషి పోయాడనుకోండి. ప్రమాద మరణమే. కానీ ఇంట్లోవాళ్లు "పోయిన మనిషికి కోత ఎందుకు, పోలీసు కేసెందుకు" అని సాయంత్రానికల్లా దహనం చేసేస్తారు. తర్వాత ఎవరో కార్డు గుర్తుచేస్తారు. అప్పటికి పాముకాటుతోనే పోయాడని చూపించడానికి కాగితం ఉండదు. స్టార్టర్ దగ్గర కరెంటు షాక్ కొట్టినా, చెట్టు మీద నుంచి పడినా, చెరువులో మునిగినా ఇదే జరుగుతుంది. మామూలుగా అడిగే కాగితాలు ఇవి: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, చనిపోయినవారివి, నామినీవి ఆధార్ కార్డులు, నామినీ బ్యాంకు పాస్‌బుక్, సభ్యత్వ కార్డు ప్రతి. బండి నడుపుతూ పోతే డ్రైవింగ్ లైసెన్సు కూడా కావాలి. లైసెన్సు లేని బండి క్లెయిములు చాలా వరకు అక్కడే తెగిపోతాయి. ఆసుపత్రి ఖర్చు అడిగేవాళ్లు అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ జాగ్రత్త చేసుకోవాలి, జిరాక్సులతో పని కాదు. మండల నాయకుడికి చెప్పి ఊరుకోకుండా పార్టీ కార్యాలయంలో బీమా చూసే విభాగానికి ఆ వారంలోనే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆలస్యానికి కారణం రాయమంటే అక్కడి నుంచి ఫైలు నత్తనడక పడుతుంది.

రెండో పెద్ద తప్పు పేర్లది. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, కార్డు మీద వెంకటేశ్వరరావు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. నామినీ గడిలో ఏం రాయాలో తోచక కార్యకర్త తన పేరే కొట్టేసిన కార్డులూ కనిపిస్తుంటాయి. కార్డు వచ్చిన రోజే పేరు, పుట్టిన తేదీ, నామినీ, నియోజకవర్గం నాలుగూ చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఉంటూ ఓటు సొంతూళ్లో ఉన్నవాళ్లకు నియోజకవర్గం దగ్గర ఎప్పుడూ తేడా వస్తుంది. ఇల్లు కూకట్‌పల్లి, ఓటు గుడివాడ అయితే ఏది ఎంచుకోవాలి? బీమాకు ఏదైనా ఒకటే. పార్టీలో పదవి, టికెట్ అనే ఆలోచన ఏ మూలన ఉన్నా ఓటు ఉన్న చోటే ఎంచుకోండి.

ఇంత చేశాక పార్టీలో మీకు దక్కే మాట ఎంత? ఈ కార్డుతో నేరుగా ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే అవకాశం రాదు. 2025 మే నెలలో కడప మహానాడులో చంద్రబాబు నాయుడు జాతీయ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2021 అక్టోబర్‌లో టీఆర్‌ఎస్ అధ్యక్షుడిగా కేసీఆర్ ఎన్నికా ఏకగ్రీవమే. వైఎస్సార్‌సీపీ 2022 జులై ప్లీనరీలో జగన్‌మోహన్ రెడ్డిని జీవితకాల అధ్యక్షుణ్ణి చేసిందన్న వార్తల మీద, అలాంటి శాశ్వత పదవి అంతర్గత ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఆ సెప్టెంబర్‌లో ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. పార్టీలో ఐదేళ్లకు మించకుండా ఎన్నికలు జరగాలని సంఘం మార్గదర్శకాలు అడుగుతాయి. ఎన్నిక జరగాలన్నారు గానీ పోటీ ఉండాలని ఎవరూ అనలేదు. ఇక ఎవరు చేసేదేముంది.

మిస్డ్ కాల్ సభ్యత్వం

బీజేపీ 2024 సెప్టెంబర్ 2న మొదలుపెట్టిన నమోదుకు నంబరు 8800002024. ప్రాథమిక సభ్యత్వానికి బీమా లేదు, మిస్డ్ కాల్‌కు రుసుమూ లేదు. కానీ మిస్డ్ కాల్ ఇచ్చేస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. కాల్ తర్వాత ఎస్సెమ్మెస్‌లో లింకు వస్తుంది. అందులో ఓటీపీ కొట్టి, పేరు, పుట్టిన తేదీ, చిరునామా, రాష్ట్రం, అసెంబ్లీ నియోజకవర్గం నింపి పంపితేనే సభ్యత్వ సంఖ్య వస్తుంది. లింకు తెరవకుండా వదిలేసినవాళ్లు తమకు తాము సభ్యులు, వివరాల జాబితాలో మాత్రం వాళ్లది ఉత్త ఫోన్ నంబరు.

ఇక్కడ రిఫరల్ సంగతి గమనించాలి. ఎవరి లింకు ద్వారా చేరామో వాళ్ల ఖాతాలో పడతాం. వాళ్లకు ఆ లెక్క ఎందుకు కావాలంటే, ప్రాథమిక సభ్యుడు క్రియాశీల సభ్యుడు కావాలంటే ఆ విడతలో 50 మందిని చేర్పించాలి, రూ.100 కట్టాలి. మండల కమిటీకి, ఆ పై పదవులకు పోటీ చేసే అర్హత క్రియాశీల సభ్యులకే ఉంటుందని పార్టీ నియమావళి చెబుతుంది. అంటే ఒకే పార్టీలో రెండు రకాల సభ్యులు. మొదటి రకం లెక్కకు, రెండో రకం పనికి. ప్రాథమిక సభ్యత్వం కాలపరిమితి మామూలుగా ఆరేళ్లు. 18 ఏళ్లు నిండిన భారత పౌరుడై ఉండాలి, మరే పార్టీలోనూ సభ్యుడు కాకూడదు.

ఈ రెండంచెల పద్ధతిలో ఒక మంచి ఉంది, పార్టీ తన లోపలి పనిని కార్డు ఉన్న ప్రతివాడి చేతిలో పెట్టకుండా కాపాడుకుంటుంది. చెడు కూడా అక్కడే ఉంది. 50 అనే అంకె పెట్టగానే పెళ్లి భోజనాల దగ్గర, కాలేజీ గేట్ల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో ఫోన్లు అడగడం మొదలవుతుంది. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు, టార్గెట్ పెట్టిన ప్రతి చోటా ఉంటుంది. "పథకం కోసం" అనో "ఫోన్ వెరిఫికేషన్" అనో చెప్పి ఓటీపీ అడిగితే, ఎస్సెమ్మెస్ పూర్తిగా చదవనిదే చెప్పొద్దు. ఎవరు పంపారో, దేనికో చాలా వరకు అందులోనే ఉంటుంది.

ఐదు రూపాయలది

కాంగ్రెస్ 2021 నవంబర్‌లో మొదలుపెట్టిన నమోదులో రుసుము రూ.5. డిజిటల్ నమోదుకు ఓటరు గుర్తింపు కార్డు, ఫోటో, ఫోన్ నంబరు కావాలి. మా లెక్కలో అప్పటి పద్ధతులన్నిటిలో పటిష్ఠమైనది ఇదే. ఓటరు కార్డు అడగడం వల్ల ఒక మనిషికి రెండు సభ్యత్వాలు తగ్గుతాయి, బూత్ వారీగా జాబితా తయారవుతుంది, రేపు ఎన్నికల్లో దానికి విలువ ఉంటుంది. కొత్తగా పెళ్లయి ఊరు మారినవాళ్లు, ఓటు బదిలీ కానివాళ్లు మాత్రం ఇబ్బంది పడ్డారు.

అప్పటి దరఖాస్తు వెనక ఉన్న ప్రమాణాలు చదివి సంతకం చేసినవాళ్లు ఎంతమందో! మద్యం, మత్తు పదార్థాలు ముట్టనని, భూపరిమితి చట్టానికి మించి ఆస్తి ఉంచుకోనని, అంటరానితనం పాటించనని, పార్టీ విధానాలను బహిరంగంగా విమర్శించనని అందులో ఉంది. కాగితం మీద ఇవన్నీ పాటించేవాడే అసలైన సభ్యుడు. మద్యం మాటకొస్తే పార్టీ పెద్దల మధ్యే అది ఎంతవరకు సాధ్యమన్న చర్చ నడిచింది. పరీక్షించే ఏర్పాటు లేని ప్రమాణం ఎంత గట్టిగా రాసినా దరఖాస్తులో ఒక గడే.

ఈ పార్టీలో మరో విశేషం, అధ్యక్ష పదవికి నిజంగా పోటీ జరిగింది. 2022 అక్టోబర్ 17న పోలింగ్. మల్లికార్జున ఖర్గేకు 7,897 ఓట్లు, శశి థరూర్‌కు 1,072, చెల్లనివి 416. మొత్తం 9,385. కోట్లలో చెప్పుకునే సభ్యుల్లో ఓటు హక్కు ఉన్నది పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) ప్రతినిధులకే. ఆ ప్రతినిధులెవరో జాబితా బయటపెట్టమని థరూర్ సహా ఐదుగురు ఎంపీలు పార్టీ ఎన్నికల బాధ్యుడు మధుసూదన్ మిస్త్రీకి లేఖ రాయాల్సొచ్చింది. రూ.5 కట్టిన సభ్యుడు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటే. పార్టీలో ఓటు కావాలంటే మీ బ్లాకు నుంచి ప్రతినిధిగా ఎవరి పేరు వెళుతోందో ముందే ఆరా తీయాలి. మండల, బ్లాకు స్థాయిలో ఆ పేరు తేలిపోయాక పై ఎన్నిక వార్తల్లో చూడ్డానికే.

సులువుగా ఇవ్వనిది

సీపీఎం సభ్యత్వానికి మిస్డ్ కాల్ లేదు, ఇంటికొచ్చి ఓటీపీ అడగరు. ఇద్దరు పార్టీ సభ్యులు సిఫారసు చేయాలి. దరఖాస్తుదారు గురించి వాళ్లు తమకు తెలిసింది పూచీతో చెప్పాలి. శాఖ, అంటే పార్టీలో అట్టడుగు విభాగం, చర్చించి పై కమిటీకి పంపుతుంది. ఒప్పుకుంటే ఏడాదిపాటు క్యాండిడేట్ సభ్యుడు. ఆ ఏడాది బాధ్యతలన్నీ ఉంటాయి, సమావేశాల్లో మాట్లాడొచ్చు, ఓటు మాత్రం ఉండదు, ఎన్నికవడానికీ వీల్లేదు. ఏడాది తర్వాత శాఖ మళ్లీ చూసి పూర్తి సభ్యత్వం ఇస్తుంది, లేదా క్యాండిడేట్ కాలం పొడిగిస్తుంది, లేదా వద్దంటుంది. వేరే పార్టీలో నాయకుడిగా ఉండి వచ్చేవాళ్లకు ఆ స్థాయి కమిటీ ఒప్పుకున్నా చాలదు, దాని పై కమిటీ అనుమతి కూడా ఉండాలి. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా కప్పుకునే మన దగ్గర ఈ నిబంధన చదివితే నవ్వొస్తుంది గానీ, దీని అవసరం ఏమిటో తెలుగు రాష్ట్రాల్లో రాజకీయం చూసేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఖర్చు కూడా వేరే రకం. సభ్యత్వ రుసుము చిన్నదే, లెవీ, అంటే ఆదాయంలోంచి పార్టీకి కట్టే వాటా, అసలు భారం. ఆదాయాన్ని బట్టి స్లాబులు ఉంటాయి. జీతం పెరిగితే లెవీ పెరుగుతుంది, కాబట్టి ఆదాయం దాచకుండా చెప్పాలి. ఏటా పునరుద్ధరణ ఉంటుంది. సరైన కారణం లేకుండా వరసగా శాఖ పనుల్లో పాల్గొనకపోయినా, బకాయి పడ్డా పేరు తీసేస్తారు. ఇది బహిష్కరణ కాదు, జాబితా నుంచి తొలగింపు. రెండిటికీ తేడా తెలియక గొడవపడేవాళ్లు ఉన్నారు. ఊరు మారితే ఉత్త పరిచయంతో కొత్త చోట చేరలేరు, పాత కమిటీ నుంచి బదిలీ ఉత్తరం వెళ్లాలి. పట్నం ఉద్యోగాలకు వెళ్లిన కుర్రవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. బదిలీ అడగరు, కొత్త శాఖ వెతకరు, మార్చి దాటేసరికి పేరు ఉండదు.

దీనికి బదులుగా వచ్చేది ఏమిటంటే, మహాసభకు ముందు ముసాయిదా రాజకీయ తీర్మానం రెండు నెలల ముందే కింది శాఖల దాకా చర్చకు వస్తుంది. సభ్యుడు సవరణ రాసి పంపొచ్చు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన 22వ మహాసభలో కాంగ్రెస్‌తో "అవగాహన గానీ ఎన్నికల పొత్తు గానీ" వద్దన్న ముసాయిదా మాట మారి, "రాజకీయ పొత్తు" వద్దన్న మాటగా తేలింది. ఒక మాట మారడానికి అంత చర్చ జరిగే చోటు మిగతా పార్టీల్లో చూపించడం కష్టం. ఇటువైపు లోపమూ చెప్పాలి. తీర్మానం అయ్యాక వ్యతిరేకించినవాడు కూడా బయట దాన్నే సమర్థించాలి. ఒక వాట్సాప్ స్టేటస్‌తో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. మనసులో మాట ఎప్పటికప్పుడు బయట అనేయాలనిపించేవాళ్లకు ఇది సరిపడదు.

జాబితాలో పేరున్న మనిషి ఏం చేస్తున్నాడో పార్టీకి తెలిసి, పార్టీ ఏం చేయబోతోందో ఆ మనిషికి ముందుగా తెలిసే చోటే సభ్యత్వానికి బరువుంటుంది. ఆ లెక్కన ఈ సమీక్షలో ముందున్నది ఇదే. అందరికీ పనికొస్తుందా అంటే, రాదు. నెలకు కొన్ని సాయంత్రాలు, జీతంలో కొంత ఇవ్వలేనివాళ్లు సానుభూతిపరులుగా ఉండిపోవడమే మేలు, అందుకు ప్రజాసంఘాలు ఉన్నాయి.

రిటర్నింగ్ అధికారి బల్ల మీద

కార్డు మాటలన్నీ ఒకెత్తు, నామినేషన్ రోజు ఒకెత్తు. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు 13వ పేరా ప్రకారం ఒక మనిషిని పార్టీ అభ్యర్థిగా గుర్తించాలంటే నామినేషన్ పత్రంలో ఆ పార్టీ అభ్యర్థినని ప్రకటించాలి. ఆ పార్టీ సభ్యుడై, సభ్యుల జాబితాలో పేరుండాలి. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు బీ-ఫారం, అంటే ఈ మనిషే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే పత్రం, రిటర్నింగ్ అధికారికి చేరాలి. బీ-ఫారం మీద సంతకం చేసినవారికి ఆ అధికారం ఉందని, వారి సంతకం నమూనా ఇదని ఏ-ఫారం చెప్పాలి. సంతకాలు సిరాతో చేసినవే చెల్లుతాయి. రబ్బరు స్టాంపు, ఫ్యాక్స్, స్కాన్ చేసిన కాపీ చెల్లవు.

ఆ మధ్యాహ్నం ఏం తప్పుతుందంటే, పార్టీ ఒకరికి బీ-ఫారం ఇచ్చి ఆఖరి గంటలో మరొకరికి ఇస్తుంది, మొదటిదాన్ని రద్దు చేస్తున్నట్టు మాత్రం రాయదు. లేదా హైదరాబాద్ నుంచి కారులో వస్తున్న ఫారం ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. 3 దాటితే అభ్యర్థి ఆ పార్టీ గుర్తు కోల్పోతాడు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, లేకపోతే పది మంది కావాలి. ఒక్క సంతకంతో వేసిన నామినేషన్, బీ-ఫారం రాకపోతే పరిశీలనలో పోతుంది. అనుభవమున్న ఏజెంట్లు అందుకే ముందుజాగ్రత్తగా పది మంది సంతకాలతో ఇంకో సెట్టు వేయిస్తారు.

సభ్యుల జాబితాలో పేరుండాలన్న షరతు కాగితం మీద గట్టిదే. ఆచరణలో పార్టీ బీ-ఫారం ఇచ్చిందంటే సభ్యుడే అన్నట్టు నడుస్తుంది. అందుకే ఇరవై ఏళ్లు జెండా మోసినవాడు పక్కన నిలబడి ఉండగా, నిన్న రాత్రి చేరినవాడు బీ-ఫారంతో లోపలికి వెళ్లగలుగుతాడు. జెండా మోసినవాడి పాత సభ్యత్వ సంఖ్యకు ఆ బల్ల దగ్గర ఏ విలువా లేదు. గ్రామ సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి అక్కడ ఈ బాధే లేదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ నుంచి మొదలవుతుంది.

కొత్త పార్టీ పెట్టేవాళ్లకు మాత్రం ఎన్నికల సంఘం సభ్యత్వాన్ని చాలా గట్టిగా చూస్తుంది. కనీసం 100 మంది సభ్యులు, అందరూ ఓటర్లే అయ్యుండాలి, మరే నమోదైన పార్టీలోనూ సభ్యులం కామని ఒక్కొక్కరు విడిగా ప్రమాణపత్రం ఇవ్వాలి. రూ.10,000 రుసుము, పార్టీ ఏర్పడిన 30 రోజుల లోపు దరఖాస్తు. ఆ వంద మందిలో ఎవరి దగ్గరైనా పాత పార్టీ కార్డు రద్దు కాకుండా ఉంటే ఆ ప్రమాణం అబద్ధమవుతుంది. ప్రమాణపత్రం రాయించే ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న అదే. చాలామందికి తమ పేరు మీద ఒక కార్డు ఉందన్న సంగతే గుర్తుండదు.

స్పీకర్ లెక్కలో సభ్యుడు

గెలిచినవాళ్లకు సభ్యత్వం అంటే అర్థమే వేరు. ఫిరాయింపులు ఆపడానికి 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే పదవి పోతుంది. వదులుకోవడం అంటే రాజీనామా లేఖ ఒక్కటే కాదని, ప్రవర్తనను బట్టి కూడా నిర్ణయించొచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో జేడీయూ ఎంపీలు శరద్ యాదవ్, అలీ అన్వర్ పట్నాలో వేరే పార్టీ సభకు వెళ్లారు, రాజీనామా మాత్రం ఇవ్వలేదు. డిసెంబర్‌లో రాజ్యసభ ఛైర్మన్‌గా ఉన్న మన నెల్లూరు వెంకయ్య నాయుడు వాళ్ల రాజ్యసభ సభ్యత్వం రద్దు చేశారు. తిరగేసి చూస్తే, పార్టీ బహిష్కరించినా ఎమ్మెల్యే ఆ పార్టీ మనిషిగానే లెక్కని 1996లో విశ్వనాథన్ కేసు తేల్చింది. గెంటేసిన పార్టీ విప్ (సభలో ఎలా ఓటేయాలో చెప్పే ఆదేశం) కూడా అతని మీద పనిచేస్తుంది.

తెలంగాణలో 2023లో బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మంది ఎమ్మెల్యేల వ్యవహారం ఇందులోదే. వారిలో ఖైరతాబాద్ ఎమ్మెల్యే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. పై 13వ పేరాను, పదో షెడ్యూలును పక్కపక్కన పెట్టి చదివితే చిక్కు ఎక్కడుందో కనిపిస్తుంది: ఒక పార్టీ అభ్యర్థి కావాలంటే ఆ పార్టీ సభ్యుడై ఉండాలి, అలా ఉంటే గెలిపించిన పార్టీని వదులుకున్నట్టు కాదా? 2025 జులై 31న సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదుల మీద మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. కండువా కప్పుకోవడం సామాన్యుడికి ఫోటో మాత్రమే. ఎమ్మెల్యేకు అదే కండువా సాక్ష్యం, అందుకే "నియోజకవర్గ అభివృద్ధి కోసం కలిశా, అది పార్టీ కండువా కాదు" లాంటి వివరణలు వినిపిస్తుంటాయి.

పార్టీ చీలినప్పుడు సామాన్య సభ్యుడి సంగతీ చెప్పుకోవాలి. 1969లో కాంగ్రెస్ చీలాక గుర్తు ఎవరిదన్న తగువులో ఎన్నికల సంఘం లెక్కపెట్టింది ఎంపీలను, ఎమ్మెల్యేలను, ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) ప్రతినిధులను. 1971లో సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సమర్థించింది. ఊళ్లలో రుసుము కట్టినవాళ్లు ఎటున్నారో తలలు లెక్కపెట్టలేదు.

తీసుకోకూడనివాళ్లు, వదిలేయాలనుకునేవాళ్లు

ప్రభుత్వ ఉద్యోగులు సభ్యత్వం జోలికి పోవద్దు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి రాష్ట్ర ఉద్యోగులకైనా కేంద్ర ఉద్యోగులకైనా దీన్ని నిషేధిస్తుంది. ఉద్యోగం రాకముందు తీసుకున్న కార్డు ఉంటే చేరే ముందే రాతపూర్వకంగా వదులుకోవాలి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు తమ నియామక పత్రంలో షరతులు చూసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం అడ్డు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, పౌరులకే అని నియమావళిలో రాసుకున్న పార్టీల్లో సభ్యత్వం కుదరదు. విదేశీ పౌరుల నుంచి చందా తీసుకోవడాన్ని చట్టమే ఒప్పుకోదు. మన పేరు మీద విదేశీ పౌరులు కట్టడం కూడా ఆ కోవలోకే వస్తుంది.

నమోదుకు ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కార్యకర్త సొంత ఫోన్లో మీ కార్డు ఫోటో తీసుకుంటే పని అయ్యాక తీసేయమని అడగడం తప్పేమీ కాదు.

వదిలేయడం చేరినంత సులువు కాదు, యాప్‌లో రాజీనామా బటన్ వెతికినా దొరకదు. సభ్యత్వ సంఖ్య, నమోదు చేసిన ఫోన్ నంబరు, నియోజకవర్గం రాసి మండల అధ్యక్షుడికి, జిల్లా కార్యాలయానికి, రాష్ట్ర కార్యాలయం ఈమెయిల్‌కు ఒకే రోజు లేఖ పంపాలి. జిల్లా కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. సభ్యుల జాబితా నుంచి, ఎస్సెమ్మెస్ జాబితా నుంచి రెండింటి నుంచీ తీసేయమని విడివిడిగా అడగాలి, ఒకటి అడిగితే రెండోది ఉండిపోతుంది. బీమా ఉన్న కార్డయితే సభ్యత్వంతో పాటు కవరు కూడా పోవచ్చని గుర్తుంచుకుని, వేరే ప్రమాద పాలసీ తీసుకున్నాకే ఆ లేఖ పంపండి.